గాలి లేని టైర్లు: రీల్స్‌లో కనిపించేది ఒకటి, రోడ్డు మీద ఉన్నది ఇంకొకటి

అనంతపురంలో టైర్ల షాపు నాది. ఈమధ్య అలైన్‌మెంట్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తున్నారు. మేకులు కొట్టిన పలక మీద నుంచి కారు వెళ్తుంది, టైరుకు ఏమీ కాదు. "అన్నా, ఇవి తెప్పిస్తావా? రేటు ఎంతైనా పర్లేదు" అంటారు. తెప్పించలేను. ఎందుకో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఇది కొత్తగా కనిపెట్టిన టైరు. రేపో మాపో షోరూమ్ కార్లకు వచ్చేస్తుంది.

అసలు ముందు పుట్టిందే గాలి లేని టైరు. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకునే నాటికి సైకిళ్లకు ఉన్నవి గట్టి రబ్బరు పట్టీలే. ఆ కుదుపులు పడలేకే జనం గాలి టైరుకు మారారు. 1971లో చంద్రుడి మీద తిరిగిన రోవర్‌కు కూడా గాలి టైర్లు లేవు, ఉక్కు తీగలతో అల్లిన చక్రాలు వేశారు.

వీడియోల్లో కనిపించే, గాలికి బదులు లోపల వంగే పుల్లలు ఉండే రకాన్ని మిషెలిన్ కంపెనీ 2005లో 'ట్వీల్' పేరుతో చూపించింది. అది చివరికి స్థిరపడింది చిన్న లోడర్లు, గడ్డి కోసే యంత్రాల దగ్గర. కార్ల కోసం 2019లో జనరల్ మోటార్స్‌తో కలిసి 'అప్టిస్'ను ప్రకటించి, 2024 నాటికి మామూలు కార్లకు తేవాలని గడువు పెట్టుకున్నారు. ఆ ఏడాది వచ్చింది, పోయింది. మధ్యలో 2023లో సింగపూర్‌లో డీహెచ్‌ఎల్ డెలివరీ వ్యాన్లు కొన్నిటికి బిగించి నడిపారు. గుడ్‌ఇయర్, బ్రిడ్జ్‌స్టోన్, హాంకుక్ కూడా తమ తమ నమూనాలు చూపించాయి. నా షాపుకు మాత్రం కారు సైజులో ఒక్కటీ రాలేదు.

అపోహ: గాలి లేదంటే లోపలంతా గట్టి రబ్బరే.

గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్టులకు వేసేది ఆ రకం. నిదానంగా తిరిగే బండికి అది బాగానే పనికొస్తుంది. అదే కారుకు వేస్తే నడుం మిగలదు. కార్ల కోసం తయారుచేస్తున్న దాంట్లో రబ్బరు పైపట్టీ మాత్రమే. దాని కింద ఒక గట్టి వలయం, ఆ వలయానికీ మధ్యలో ఉండే హబ్‌కూ నడుమ వంగే పుల్లలు ఉంటాయి. అప్టిస్‌లో ఈ పుల్లలు గాజు పీచు కలిపిన రెసిన్‌తో చేసినవి. ట్వీల్ తరహా చక్రంలో బరువు కింది పుల్లల మీద నిలబడదు. నేలను తాకే చోట అవి వంగిపోతాయి, పై పుల్లలు బిగుసుకుని ఇరుసును లాగి పట్టుకుంటాయి. ఉట్టికి కుండ వేలాడినట్టు బండి వేలాడుతుందన్నమాట.

అపోహ: పంచర్ పోతే టైరు బాధలన్నీ పోయినట్టే.

లాభం లేదని అనను. మేకు దిగితే దిగనీ, కారేందుకు గాలి ఉంటే కదా. స్టెప్నీ మోయక్కర్లేదు. గాలి ఎక్కువ తక్కువల వల్ల వచ్చే వంకర అరుగుదల ఉండదు. ప్రపంచంలో పారేసే టైర్లలో దాదాపు 20 శాతం పంచర్ల వల్లో, గాలి సరిగా లేక అడ్డదిడ్డంగా అరిగిపోవడం వల్లో ముందే చెత్తకు పోతున్నాయని మిషెలిన్ లెక్క. షాపు వెనక పాత టైర్ల గుట్ట రోజూ చూసేవాడిని, నమ్ముతాను.

ఇక చిక్కుల సంగతి. మొదటిది వేగం. గంటకు 80 కిలోమీటర్లు దాటాక వణుకు, హోరు ఎక్కువన్నది ట్వీల్ తొలి నమూనాల మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు. తర్వాత వచ్చినవి మెరుగుపడ్డాయి. కానీ 44వ నంబరు హైవే మీద కర్నూలు వైపు వెళ్లేవాళ్లలో 80 దగ్గర ఆగేది ఎవరు? పుల్లలు వంగిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది, మే నెలలో మన తారు రోడ్డు వేడి దానికి తోడు. పక్కలు తెరిచి ఉండే డిజైన్ అయితే రాళ్లు, బురద లోపల చేరతాయి. నల్లరేగడి దారిలో పొలానికి పోయి వస్తే ఆ మట్టి పుల్లల మధ్య ఎండి బిగుసుకుంటుంది. ఒక పక్క బరువెక్కిన చక్రం హైవే మీద స్టీరింగును ఎలా ఊపుతుందో బ్యాలెన్సింగ్ పోయిన కారు నడిపినవాళ్లకు తెలుసు.

ఎవరూ పెద్దగా మాట్లాడని చిక్కు ఇంకొకటుంది. 1200 కిలోల కారులో ఒక్కో టైరు మీద సుమారు 300 కిలోలు పడతాయి. టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐలో కొలుస్తాం, 33 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల చొప్పున. అంటే టైరు నేలను తాకే చోటు దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు, అరచేయంత. పెళ్లికి ఇంటిల్లిపాదీ సామాన్లతో సహా ఎక్కితే రెండు మూడు పీఎస్ఐ పెంచుకుంటాం, ఖాళీగా తిరిగేటప్పుడు తగ్గించుకుంటాం. పుల్లల గట్టిదనం ఫ్యాక్టరీలో ఎంత పెడితే అంతే, దాన్ని పెంచలేం, తగ్గించలేం.

అపోహ: టైరు పేలేది గాలి ఎక్కువై. అందుకే ఎండాకాలం గాలి తగ్గించుకోవాలి.

ఇది ఇప్పుడు మన బండ్లకున్న గాలి టైర్ల సంగతి. ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, మన జిల్లాలో ఊరూరా తిరుగుతోంది. వేడికి గాలి పెరిగేది నిజమే, ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెండు పీఎస్ఐ. ఆ పెరుగుదలను తట్టుకునేలాగే టైరు చేస్తారు. ప్రమాదమంతా గాలి తక్కువైనప్పుడే. టైరు పక్కగోడ తిరిగిన ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, లోలోపల వేడెక్కుతుంది.

సర్కారు తుమ్మ ముల్లు ఈ పనే చేస్తుంది. సూదిలా దిగి లోపలే విరిగిపోతుంది, గాలి రోజుకు కొంచెం కొంచెంగా దిగుతుంది. బయటికి టైరు బాగానే కనపడుతుంది. అలాగే బెంగళూరు దాకా తోలుకుపోతారు. తిరిగొచ్చాక రిమ్ము నుంచి టైరు విప్పితే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి పిడికెడు రాలుతుంది. వేలు పెట్టి రాస్తే పక్కగోడ లోపలి వైపు ఒక వరసలో గరుకుగా తగులుతుంది, ఒక్కోసారి దారాలు తేలి ఉంటాయి. ఆ టైరుకు ఎంత పంచర్ వేసినా లాభం లేదు. బయట కొత్త టైరులా మెరుస్తుంటుంది కాబట్టి, మార్చాలంటే ఓనరుకు నా మీదే అనుమానం. అందుకే పొడిని అట్ట మీద పోసి చూపిస్తాను.

పొద్దున్నే బండి కదలకముందు గాలి చూసుకోండి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించుకోమని కాదు.

అపోహ: రన్‌ఫ్లాట్ అన్నా, స్టెప్నీ లేకుండా వచ్చే కారు అన్నా గాలి లేని టైరే.

కాదు. రన్‌ఫ్లాట్‌లో గాలి ఉంటుంది. అది పోయినా పక్కగోడ గట్టిదనంతో మామూలుగా 80 కిలోమీటర్ల దూరం, 80 వేగం మించకుండా లాక్కొస్తుంది. స్టెప్నీ లేకపోవడానికి కారణం వేరు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, పంచర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. అంతే.

అపోహ: ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, తెచ్చిస్తే షాపులో బిగిస్తారు.

తేనెతుట్టెలా గళ్లు గళ్లుగా ఉండి ఆన్‌లైన్‌లో దొరికేవి ఎక్కువగా చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు, సైకిళ్లకు చేసినవి. కారు టైరుకు మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, దాని ప్రమాణం ఐఎస్ 15633 రాసిందే గాలి టైర్ల కోసం. గుర్తు లేని చక్రం మీ కారుకు బిగిస్తే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు మీ దగ్గరా, నా దగ్గరా జవాబు ఉండదు. ఎవరైనా తెచ్చినా నేను బిగించను.