గాలి ఆడని వేళ మందు కొడితే మంచిదేనా?

"వేకువనే, ఆకు కూడా కదలని వేళ పురుగుమందు కొడితే పక్క చేలోకి పోదు, మన ఒంటి మీదికీ రాదు కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. వినడానికి సబబుగానే ఉంది. జరిగేది మాత్రం చాలాసార్లు తలకిందులు. ఎందుకో తెలియాలంటే మందు సంగతి కాసేపు పక్కనపెట్టి చుక్క సంగతి చూడాలి. పురుగుమందుల హాని గురించి మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ డబ్బా మీది పేరు దగ్గరే ఆగిపోతారు, నాజిల్ దాకా, అంటే పంపు చివర మందును చుక్కలుగా చిమ్మే మూతి దాకా, రారు. నాకు ఆసక్తి అంతా నాజిల్ మీదే. అదే మందు, అదే మోతాదు అయినా చుక్క సైజు మారితే అది చేరే చోటు మారిపోతుంది.

చుక్కల్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. మామూలు నాజిల్ ఒకే సైజు చుక్కల్ని ఇవ్వదు. 20 మైక్రాన్లవీ 400 మైక్రాన్లవీ ఒకే ధారలో కలిసి వస్తాయి. 400 మైక్రాన్ల చుక్క ఒకటి చితికితే 50 మైక్రాన్ల చుక్కలు ఎన్నవుతాయి? ఎనిమిది అని నోటికొస్తుంది. కాదు, 512. వ్యాసం ఎనిమిదో వంతుకు తగ్గితే ఘనపరిమాణం ఎనిమిదిని మూడుసార్లు వేసి హెచ్చించినంత తగ్గుతుంది. గోళం ఘనపరిమాణం సూత్రాన్ని బడిలో బట్టీ పట్టిస్తారు గానీ దాంతో ఏం పనో చెప్పరు. పని ఇక్కడుంది.

ఇప్పుడు వాటిని కిందికి వదులుదాం. 400 మైక్రాన్ల చుక్క గాలిలో సెకనుకు ఒకటిన్నర మీటర్లకు పైగా దిగుతుంది. 100 మైక్రాన్లది సుమారు 27 సెంటీమీటర్లు, 50 మైక్రాన్లది ఏడున్నర, 20 మైక్రాన్లది ఒక్క సెంటీమీటరు పైచిలుకు. పైరుకు అర మీటరు ఎత్తు నుంచి కొడుతున్నాం, సెకనుకు 2 మీటర్ల పిల్లగాలి వీస్తోంది అనుకోండి. పెద్ద చుక్క అర మీటరు దాటి ఎక్కువ పోదు. 100 మైక్రాన్లది నాలుగు మీటర్ల అవతల పడుతుంది. 50 మైక్రాన్లది పదమూడు మీటర్లు పోతుంది. 20 మైక్రాన్లది ఎనభై మీటర్లు.

ఆవిరిని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. 30 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గాలిలో 50 మైక్రాన్ల నీటిచుక్క నాలుగు సెకన్లు బతుకుతుంది, ఆలోగా దిగేది 15 సెంటీమీటర్లే. అంటే పైరును తాకనే తాకదు. 100 మైక్రాన్లదైతే 16 సెకన్లు ఉంటుంది: వ్యాసం రెట్టింపయితే ఆయుష్షు నాలుగింతలు. ఆవిరయ్యేది నీరే, మందు కాదు. నీరంతా పోయాక మిగిలిన చిక్కటి నలుసు గాలిలోనే తేలుతుంది. ఘాటు వాసన వస్తేనే మందు పనిచేస్తోందని, పొగమంచులా కమ్మితేనే పంటకు పట్టిందని ఒక గట్టి నమ్మకం ఉంది. ఆ కమ్ముకుంటున్నదే పంటకు అందకుండా పోతున్న భాగం.

ఇక వేకువ సంగతి. పగలు ఎండకు నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, అన్నిటినీ కలిపి పలచన చేస్తుంది. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది, దాని పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది. ఇదే ఉష్ణోగ్రతా విలోమం. చిన్న చుక్కలు ఆ మూత కిందే నిలిచిపోయి, పలచబడకుండానే మెల్లగా పల్లానికి జారి ఇళ్ల దాకా పోతాయి. దీన్ని కనిపెట్టడానికి పరికరం అక్కర్లేదు, ఎక్కడైనా పొగ వస్తుంటే చూడండి. కాస్త లేచి, ఇక పైకి పోలేక అడ్డంగా పరుచుకుంటోందంటే పంపు దించేయాలి. పొద్దెక్కి ఆ పొర చెదిరాక, గంటకు 3 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో ఒకే దిక్కుకు వీచే గాలిలో, ఇళ్లూ చెరువులూ ఆ దిక్కున లేనప్పుడు కొట్టడం మేలు. పైరు పూతలో ఉంటే ఆ వేళకు తేనెటీగలు దిగుతాయి కాబట్టి పూతలో కొట్టకపోవడమే దారి.

మరి అన్నీ పెద్ద చుక్కలే చేస్తే? వరి, క్యాబేజీ ఆకులకు మైనపు పూత ఉంటుంది, పెద్ద చుక్క దాని మీద నిలవక ఎగిరి నేలపాలవుతుంది. పైగా ఆకంతా తడవదు. గాలిని పీల్చే నాజిల్ ఈ చిక్కును సొగసుగా విప్పింది. లోపల సన్నని గొంతు గుండా ద్రవం వేగంగా పోతుంటే అక్కడ పీడనం పడిపోయి, పక్కనున్న రంధ్రం నుంచి గాలి లోపలికి వస్తుంది. చుక్క పెద్దదే, కానీ కడుపు నిండా బుడగలు. ఆకును తాకగానే అంతగా ఎగరకుండా పరుచుకుంటుంది. నీరు తగిలితే నీలమయ్యే పసుపు కాగితాల్ని పైరు మధ్య గుచ్చి కొట్టి చూస్తే ఎక్కడ ఎంత పడిందో మచ్చల్లో కనిపిస్తుంది. పాఠాలన్నిటికన్నా ఆ కాగితం ముక్క నయం.

ధార చాలడం లేదని పీడనం పెంచడం మరో పొరపాటు. ధార పీడనం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు ధార కావాలంటే నాలుగింతలు పీడనం పెట్టాలి. పీడనం పెరిగేకొద్దీ చుక్కలు మరింత చిన్నగా చితుకుతాయి. నీళ్లలో కలిపే పొడిమందుల రాపిడికి రంధ్రం అరుగుతుంది కూడా. ఒక నిమిషం ధారను కొలజాడీలో పట్టి, కొత్త నాజిల్ కన్నా 10 శాతం ఎక్కువ వస్తే పాతదాన్ని పారేయాలి. మూసుకుపోతే పిన్నుతో పొడవకూడదు, నోటితో ఊదడం మరీ ప్రమాదం. పాత టూత్‌బ్రష్ చాలు.

మనిషి దగ్గరికొస్తే, అందరి దృష్టీ ముక్కుకు కట్టే గుడ్డ మీదే ఉంటుంది. పొలంలో విషం ఎక్కువగా చేరేది చర్మం గుండా. ముందుకు కొడుతూ, కొట్టిన పైరులోంచే నడిచేవారికి తొడలూ పిక్కలూ తడిసిపోతాయి. గాలికి అడ్డంగా నడుస్తూ, తడిసిన సాళ్లు గాలి పోయే వైపు ఉండేలా ఒక్కో సాలు గాలి వచ్చే వైపుకు జరుగుతూ రావాలి. పారాథియాన్ అనే పురుగుమందు మీద జరిగిన పాత ప్రయోగాల్లో ముంజేతి చర్మం పూసినదాంట్లో 9 శాతం దాకా పీల్చుకుంటే తల మీది చర్మం మూడో వంతు, చంక దాదాపు మూడింట రెండు వంతులు, వృషణాల చర్మం ఇంచుమించు మొత్తం పీల్చుకుంది. తడిసిన లుంగీతో సాయంత్రం దాకా పనిచేయడం అంటే ఏమిటో ఈ అంకెల్లో ఉంది. డబ్బా విప్పి కలిపే ఆ నాలుగు నిమిషాల్లో చేతులకు అంటేది నీళ్లు చేరని అసలు మందు. చేతి తొడుగులు అన్నిటికన్నా ముందు కావలసింది అప్పుడే.

ఆర్గానోఫాస్ఫేట్ మందులు (పారాథియాన్ ఈ కోవలోదే) నరాల చివర సంకేతాన్ని మోసే అసిటైల్‌కోలిన్‌ను విరిచే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేస్తాయి. సంకేతం ఇక ఆగదు: చెమట, చొంగ, సన్నబడ్డ కనుపాప, అదిరే కండరాలు. ఎర్ర రక్తకణాల్లోనూ ఉండే ఈ ఎంజైమ్ అక్కడ ఒకసారి గట్టిగా దెబ్బతింటే కోలుకోదు, కొత్త కణాలు పుట్టాల్సిందే. అందుకే మట్టం రోజుకు సుమారు 1 శాతం చొప్పునే పెరుగుతుంది. వారం వారం కొట్టేవారికి ఈసారి లోటు తీరకముందే మరో లోటు వచ్చి పడుతుంది, ఏ లక్షణమూ కనబడకుండానే. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఈ మందులతో పనిచేసేవారికి పని మొదలవకముందే రక్తపరీక్ష చేసి మామూలు మట్టం రాసుకుంటారు. ఎర్రకణాల ఎంజైమ్ అందులో 70 శాతానికి దిగితే ఆ మందుల పని నుంచి తప్పిస్తారు. తిరిగి 80 శాతానికి చేరాకే మళ్లీ రానిస్తారు.