గల్ఫ్ పైలట్ కాపురం: మనూళ్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

సెలవుకి తిరుపతి వచ్చిన ప్రతిసారీ తిరుచానూరులో ఏదో ఒక పెళ్లి తగులుతుంది. బంతిలో నా పక్కన ఎవరు కూర్చున్నా సరే, రసం వడ్డించేలోగా ఇవే మాటలు. నేను యూఏఈలో ఒక విమాన సంస్థలో కెప్టెన్‌ని. భార్య, ఇద్దరు పిల్లలు నాతోనే ఉంటారు. బంతిలో సగంలో ఆగిపోయిన జవాబులు ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

అపోహ: "నీకేమప్పా, ఇంటిల్లిపాదికీ టికెట్లు ఫ్రీ."

ఫ్రీ కాదు, చవక. అదీ సీటు మిగిలితేనే. స్టాఫ్ టికెట్ అంటే చాలావరకు స్టాండ్‌బై టికెట్. పూర్తి డబ్బు కట్టినవాళ్లందరికీ ఇచ్చాక సీటు మిగిలితే మన పేరు పిలుస్తారు. ఆ మిగిలినవాటికీ ఒక వరుస ఉంటుంది. వారం నడిమధ్యలో, బడులు నడిచే రోజుల్లో హాయిగా పోవచ్చు. సంక్రాంతికీ, ఎండాకాలం సెలవులకీ, అంటే మనకు నిజంగా ఊరు కావాల్సినప్పుడు, సీటుండదు.

ఒక సంక్రాంతికి నేను ముందే డ్యూటీకి వెళ్లిపోయాను. మా ఆవిడ పిల్లలిద్దర్నీ తీసుకుని పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై బయల్దేరింది. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం పేరులో ఇంటర్నేషనల్ ఉన్నా మాకు దిక్కు చెన్నైయే. మధ్యాహ్నం చూస్తే ఏడు సీట్లు ఖాళీ. రాత్రికి ఇంకో విమానం రద్దయి, అందులోవాళ్లంతా ఇందులోకి వచ్చారు. కౌంటర్ పక్కన ట్రాలీ మీద, అవ్వ కట్టిచ్చిన అరిసెల డబ్బాకి తల ఆనించి చిన్నది నిద్రపోయిందట. రెండు రాత్రులు లాడ్జిలో ఉండి, మూడో రోజు పూర్తి ధరకి టికెట్లు కొన్నాం. ముందే కొనుంటే అందులో సగమయ్యేది. ఇప్పుడు పండగ ప్రయాణానికి మూడు నెలల ముందే కొనేస్తాం. స్టాండ్‌బై నేనొక్కడినే వెళ్లేటప్పుడే.

అపోహ: "నెలకి వంద గంటలే పనంట గదా."

వంద అన్నది పని గంటల లెక్క కాదు, విమానం నడిపే గంటలకి పెట్టిన హద్దు. 28 రోజుల్లో 100, ఏడాదిలో 900 గంటలు దాటకూడదు. విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకానే ఆ లెక్క. ముందు రిపోర్ట్ చేసే సమయం, సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపించే శిక్షణ యంత్రం), క్లాసులు, ఫోన్ మోగుతుందేమోనని యూనిఫాం ఇస్త్రీ చేసుకుని కూర్చునే స్టాండ్‌బై డ్యూటీ ఇందులోకి రావు.

అసలు చిక్కు గంటలతో కాదు, నిద్రతో. రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఒళ్లు పడుకోమని మారాం చేసే వేళ. నేను ఆ వేళ కాక్‌పిట్‌లో ఉండి, పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరతాను. పడకగది కిటికీకి వంటింటి అల్యూమినియం రేకు అతికించి, పైన మందపు కర్టెన్ వేశాం. కుక్కర్ విజిల్ వేయకూడదు కాబట్టి ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పుండదు. పెద్దది బడి నుంచి వచ్చి తలుపు మీద "నాన్న రాత్రి" అని రాసిన కాగితం చూస్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తుంది. నెల ఆఖర్లో రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, వచ్చాక, పుట్టినరోజు ఏ రోజున చేసుకోవాలో తేలుతుంది. పేరెంట్స్ మీటింగు, పంటి డాక్టరు, ఏసీ మెకానిక్కు, కారు సర్వీసు అన్నీ మా ఆవిడే. "ఆమెకేం, ఇంట్లోనే గదా" అన్న బంధువుకి నేను ఇంతవరకూ మర్యాదగా జవాబు చెప్పలేకపోయాను.

అపోహ: "జీతం మీద పన్ను లేదు, వచ్చిందంతా మిగులే."

యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్ను లేని మాట నిజమే. బడి ఫీజులు, అద్దె చూస్తే మిగులు సంగతి తెలుస్తుంది. మన దేశంలో మీ ఆదాయం 15 లక్షలు దాటితే, పన్ను లెక్కలో ఎన్ఆర్ఐ హోదా పోకుండా ఏడాదిలో ఇక్కడ ఉండగలిగే రోజుల హద్దు 182 నుంచి 120కి పడిపోతుంది. సెలవు పొడిగించేముందు ఆడిటర్‌ని అడగండి. పాత సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చుకోవడం చాలామంది మరిచిపోతారు.

అపోహ: "అక్కడ పుట్టిన బిడ్డకి ఆ దేశం పాస్‌పోర్టు."

రాదు. మన కాన్సులేట్‌లో ఏడాదిలోగా జననం నమోదు చేయించి మన పాస్‌పోర్టే తీసుకోవాలి. కాన్పుకి పుట్టింటికి వచ్చినవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ఆర్నెల్లు దాటి బయట ఉంటే అక్కడి రెసిడెన్స్ వీసా మామూలుగా చెల్లదు.

అపోహ: "ఈ కంపెనీ పోతే ఇంకోటి."

బోయింగ్ 737 నడిపేవాణ్ణి రేపొచ్చి ఎయిర్‌బస్ నడపమంటే కుదరదు. కొత్త రకానికి మళ్లీ శిక్షణ, కొత్త దేశానికి మళ్లీ లైసెన్స్ మార్పిడి. ఆరునెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, ఏటా మెడికల్. ఒక్క ఈసీజీ తేడా వస్తే జీతం ఆగొచ్చు. మన దేశంలో ఉద్యోగం వదిలి వెళ్లడం కూడా అంత సులువు కాదు, కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆరు నెలలు నోటీసని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టింది. అక్కడ భార్యాపిల్లల వీసా నా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. 2020లో మా పక్క ఫ్లాట్ కో-పైలట్‌కి ఉద్యోగం పోతే, పిల్లల బడీ ఇల్లూ కారూ ఒకేసారి వదులుకోవాల్సి వచ్చింది. సోఫా మేమే కొన్నాం. దాని మీద కూర్చోబుద్ధి కాక చాలా రోజులు కింద కూర్చున్నాను.

అపోహ: "నెలకి రెండుసార్లు చెన్నైకి విమానం తెస్తాడు, కన్నతల్లి దగ్గరికి రాడు."

ఈ మాట మా అమ్మ అనలేదు, వీధి వాళ్లన్నారు. చెన్నై ట్రిప్పంటే నాలుగు గంటలు పోవడం, గంట నేల మీద, నాలుగు గంటలు తిరిగి రావడం. ఆ గంటలో ఇంధనం లెక్క, వాతావరణం, కాగితాలు. నేను కాక్‌పిట్ దిగను. తెల్లారుజామున మూడున్నరకి అమ్మ లేచే ఉంటుందని ఒకసారి ఫోన్ చేశాను.

"యాడుండావు నాయినా?"

"చెన్నైలో, అమ్మా."

"అయితే పొయ్యి మీద నీళ్లు పెడతా ఉండా. ఎన్నింటికొస్తావు?"

ఇంకో పదిహేను నిమిషాల్లో తలుపులు మూస్తారని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తిన్నావా అని అడిగింది.