తెలుగులో రాస్తే అర్జీ చెల్లదా?

గుంటూరు కలెక్టరేటు దాపున తర్జుమాలు, అర్జీలు రాసే నాకు ప్రతి సోమవారం ఎదురయ్యే మాట ఒకటే: "ఇంగ్లీషులో రాయండి బాబూ, తెలుగైతే పక్కన పడేస్తారంట." ఈ "అంట" ఎక్కడ పుట్టిందో గానీ, దానివల్ల డబ్బూ కాలమూ పోగొట్టుకుంటున్నవారు చాలామంది.

కష్టం చెప్పుకోదలచినవారు కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చుకోవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. 1966 నాటి చట్టం తెలుగును ఈ రాష్ట్ర అధికార భాషగా నిలిపింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ కింద పెట్టే దరఖాస్తునూ తెలుగులోనే ఇవ్వవచ్చు.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్త పోయాక పొలాన్ని తన పేరుకు మార్చమని ఎవరిచేతో ఇంగ్లీషులో అర్జీ రాయించుకుని, ఎనిమిది నెలలు తిరిగి తిరిగి నా దగ్గరకు వచ్చింది. దాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంటే రెండో వాక్యం దగ్గరే ఆపి, "ఆ సర్వే నంబరు మాది కాదు నాయనా, మా పక్క చేనుది" అంది. ఆమెకు తెలుగు చక్కగా చదవడం వచ్చు. తన కాగితం తెలుగులో ఉండి ఉంటే ఆ తప్పును మొదటి రోజే పట్టుకునేది. ఇంగ్లీషు అర్జీకి నేను ఎక్కువే తీసుకుంటాను కనుక ఈ మాట చెప్పడం నా పొట్ట మీద నేనే కొట్టుకోవడం, అయినా చెప్పక తప్పదు.

తెలుగు దస్తావేజును రిజిస్టరు చేయరన్నదీ పుకారే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తర్జుమా అడిగేది, ఆ అధికారికి తెలియని, ఆ జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో రాసిన పత్రానికే.

ఇంగ్లీషు నిజంగా అవసరమయ్యే చోటు హైకోర్టు. 348వ అధికరణం ప్రకారం అక్కడి వ్యవహారం ఇంగ్లీషులో సాగుతుంది కనుక మీ తెలుగు పత్రాలకు తర్జుమా కావాలి. అప్పుడు కూడా సంతకం పెట్టేముందు ప్రతి పేరూ, ప్రతి అంకే మీకు తెలుగులో చదివి వినిపించమని అడగండి.