భరణం కేసులోకి భూమి కొన్నాయన ఎలా వచ్చాడు?

మొగుడూపెళ్లాల కేసు నడుస్తుండగానే మొగుడు పొలం అమ్మేస్తాడు. కొన్నాయన మీద కూడా ఫ్యామిలీ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తుంది. "వాళ్ల ఇంటి పంచాయితీతో నాకేం పని?" అంటూ ఆయన లాయర్ని వెంటేసుకుని వస్తాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టులకు ఇది పాత కథే. రీజినల్ రింగు రోడ్డు పేరు చెప్పి చౌటుప్పల్, ఆమనగల్లు, షాద్‌నగర్ దిక్కు ఎకరం ధర కదిలినప్పుడల్లా మళ్లీ రాజుకుంటుంది. ఇప్పుడూ అంతే.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, ఆ కోర్టులు ఏ దావాలు వినొచ్చో చెప్పే దాని ఏడో సెక్షన్ గురించి చాలామందే రాశారు. నా లెక్కలో అసలు మలుపు 2020 నవంబర్ 2. తెలంగాణ సర్కారు భూముల పోర్టల్ ధరణిలో పొలాల రిజిస్ట్రేషన్లు మొదలైన రోజది.

అంతకుముందు రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, పేరు మార్పు తహసీల్దారు దగ్గర జరిగేవి. పేరు మార్చే ముందు 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు వినాలి. నోటీసు ఎవరూ చదవకపోయినా వీఆర్వో నోట్లోంచో, పక్క చేను ఆసామి నోట్లోంచో సంగతి భార్య పుట్టింటికి చేరేది. వాళ్లు పోయి ఓ దరఖాస్తు పడేసేవాళ్లు. వీఆర్వోల చేతివాటం తెలియనిది కాదు గానీ, ఆడమనిషికి ఆ ఆలస్యమే అండ. ధరణితో స్లాటు, వేలిముద్ర, పాసుపుస్తకంలో పేరు అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ఆ ఏడాదే వీఆర్వోలూ పోయారు, రెవెన్యూ కోర్టులూ పోయాయి.

ఈ మధ్య ఒక కేసు కాగితాల కట్ట చూశాను. భరణం కేసు సమన్లు మొగుడికి అందింది సోమవారం. రెండెకరాల అమ్మకం దస్తావేజు అదే వారం గురువారంది. సాక్షి సంతకం మొగుడి తమ్ముడిది. తూర్పు హద్దు కూడా ఆ తమ్ముడి పొలమే. భూమి కొన్న పైసలు తన పుట్టింటివని ఆమె అంటోంది. అమ్మకం జరిగాక కూడా ఆ చేన్లో పత్తి ఏరింది తానేనట, కొన్నాయన గట్టు మీద కాలు పెట్టింది లేదట.

కొన్నాయన చెప్పేదీ ఉంది. భూమి మీద పాత లావాదేవీలు చూపే ఈసీ తీశాడు, కేసు ఊసే లేదు. నిజమే, దావా నడుస్తున్న సంగతి ఇక్కడ ఈసీలోకి ఎక్కదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఆ నోటీసు రిజిస్టరు చేయించే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది.

అయితే ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ దగ్గర ఈ వాదన నిలవదు. దావాలో ఉన్న భూమిని కొంటే, సంగతి తెలిసినా తెలియకున్నా తీర్పుకు కట్టుబడాల్సిందే. చిక్కల్లా ఆ భూమి నిజంగా 'దావాలో ఉందా' అన్నదే. ఉత్త భరణం అడిగితే చాలదు, పిటిషన్ కింద షెడ్యూలులో సర్వే నంబరు రాసి, దాని మీద చార్జీ, అంటే భరణానికి ఆ భూమే పూచీగా ఉండాలని అడగాలి. చాలా పిటిషన్లకు ఆ షెడ్యూలే ఉండదు. అప్పుడు మిగిలేది అదే చట్టంలోని 39వ సెక్షన్. దాని కింద భరణం హక్కు సంగతి తెలిసి కొన్నవాడి మీదికీ, ఊరికే రాయించుకున్నవాడి మీదికీ మాత్రమే పోవచ్చు. అమ్మ పేరున, తమ్ముడి పేరున గిఫ్టు రాసే తెలివి ఇక్కడ బెడిసికొడుతుంది. అందుకే కొందరు పాత తేదీతో సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం అమ్మకం పత్రం, బయటికి తీస్తారు.

"దంపతుల మధ్య దావా" అని ఫ్యామిలీ కోర్టుల చట్టం ఏడో సెక్షన్లో ఉన్న మాట పట్టుకుని, తనను పార్టీగా చేర్చడమే చెల్లదని కొన్నాయన వాదన. ఈ విషయంలో హైకోర్టులు ఒక్క దారిన పోలేదు. మధ్యంతర ఉత్తర్వు మీద అదే చట్టం 19వ సెక్షన్ కింద అప్పీలు లేదు కనుక రాజ్యాంగం 227వ అధికరణం పట్టుకుని హైకోర్టుకు పోతారు. ఈలోగా పంట కాలం గడిచిపోతుంది.

2025 ఏప్రిల్ 14న ధరణి బదులు భూభారతి వచ్చింది. రెవెన్యూ అప్పీళ్లు తిరిగొచ్చాయి గానీ, అమ్మకం రోజే పేరు మారడం అలాగే ఉంది. స్టే తెచ్చుకున్నా అది పోర్టల్లోకి ఎక్కితేనే స్లాటు ఆగుతుంది. ఎక్కించే పని కోర్టుది కాదు. సర్టిఫైడ్ కాపీ చేతబట్టుకుని తహసీల్దారు ఆఫీసుకూ కలెక్టరేటుకూ తిరగాల్సింది ఆమే.

నేను చూసిన కట్టలో ఆ కాపీ పోర్టల్లోకి ఎక్కేలోపే భూమి ఇంకో చేయి మారింది. ఆ కేసులో ఇప్పుడు మూడో ప్రతివాది కూడా ఉన్నాడు.