గినీ పిగ్ మొండికేసి తినడం మానదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాదులో కుందేళ్లకూ, గినీ పిగ్‌లనే ఎలుక జాతి పెంపుడు జంతువులకూ వైద్యం చేసే పశువైద్యుడిగా నేను తరచూ వినే ఫిర్యాదు ఒకటుంది: "తెచ్చి రెండు రోజులైంది డాక్టరు గారూ, ఏం పెట్టినా ముట్టడం లేదు." ఊరు మారుతున్నవారి దగ్గర నుంచో, పెంచలేక వదులుకుంటున్నవారి దగ్గర నుంచో దత్తత తెచ్చుకున్న జంతువుల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. దానితో పాటే వినిపించే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది. పెట్టింది తినేదాకా వేరేది ఇవ్వకూడదు.

వాస్తవం: ఆకలి రుచి ఎరుగదన్న సామెత మనుషులకు చెల్లుతుందేమో గాని గినీ పిగ్‌కు చెల్లదు. ఏది ఆహారం, ఏది కాదు అన్న సంగతిని ఈ జంతువు పుట్టిన తొలి రోజుల్లో, వారాల్లో నేర్చుకుంటుంది. ఆ వయసులో చూడని పదార్థాన్ని, ఎంత మంచిదైనా సరే, తిండిగా గుర్తించకపోవచ్చు. పెల్లెట్ల (గుళికల రూపంలో అమ్మే దాణా) ఆకారం మారినా, నీళ్ల గిన్నె స్థానంలో సీసా వచ్చినా తినడం, తాగడం మానేసే జంతువులు ఉన్నాయి. అది పొగరు కాదు, భయం. పైగా దాని పేగులు ఎప్పుడూ పీచుతో నిండి కదులుతూ ఉండాలి. పన్నెండు గంటల నుంచి ఒక రోజు వరకు ఏమీ తినకపోతే పేగుల కదలిక మందగించి, గ్యాస్ చేరి, నొప్పి వల్ల ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది. ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకోవడం కూడా అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఆకలితో దారికి తేవాలనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

నిరుటి వేసవిలో ఒక తండ్రీ కూతురూ ఆరు నెలలు దాటిన ఆడ గినీ పిగ్‌ను తీసుకొచ్చారు. వెంట తెచ్చిన స్టీలు డబ్బాలో కాప్సికం, క్యారెట్, పాలకూర చక్కగా తరిగి ఉన్నాయి, దేనిమీదా పంటి గాటు లేదు. రెండు రోజులుగా నాలుగు దోసకాయ ముక్కలు తప్ప ఏమీ తినలేదన్నారు. బరువు 580 గ్రాములు. పాత యజమానికి ఫోన్ చేయించి అడిగితే, అక్కడ పళ్లెంలో గరిక, దోసకాయ తొక్కలు తప్ప ఇంకేమీ పెట్టేవారు కాదని తేలింది. గణపతి పూజకు అమ్మే గరిక కట్టను దగ్గర్లోని పూల కొట్టు నుంచి తెప్పించి, కడిగి బల్లమీద పెట్టాం. కాసేపు కదలకుండా కూర్చున్న ఆ జీవి ఒక పోచను కొసన పట్టుకుని, దారం లాక్కున్నట్టు చివరిదాకా నోట్లోకి లాక్కుంది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టబోతే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

అందుకే దత్తత తీసుకునేటప్పుడు పాత ఇంట్లో ఏం పెట్టేవారో, ఎందులో పెట్టేవారో, నీళ్లు ఎలా తాగేదో అడిగి రాసుకోండి. మొదటి వారం అదే తిండి కొనసాగించి, ఆ తరువాత కొత్తదాన్ని పాతదానితో కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి. ఒకసారి వదిలేసిందని ఆ పదార్థాన్ని పక్కన పెట్టేయకుండా పది పదిహేను రోజుల పాటు చిన్న ముక్క పెడుతూనే ఉండాలి. ఇప్పటికే తినడం వచ్చిన మరో గినీ పిగ్ తోడుంటే పని సులువు, ఎందుకంటే అవి ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి. దాక్కోవడానికి అట్టపెట్టె, చుట్టూ నిశ్శబ్దం, వేసవిలో చల్లని గది కూడా తిండిలో భాగమేనని నా అభిప్రాయం. మన ఎండల్లో ఈ కొండప్రాంతపు జీవికి ఆకలి మందగించడం సహజమే గాని, వడదెబ్బతో చనిపోయే ప్రమాదమూ ఉంది.

అపోహ: గడ్డి పక్కబట్ట కోసమే, అసలు తిండి కూరగాయలే.

వాస్తవం: తిండిలో సింహభాగం గడ్డే. దానికున్న ఇరవై పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది గడ్డి నమలడమే. తిమోతి గడ్డి గాని ఓట్ గడ్డి గాని దొరికితే మంచిదే, దొరకకపోతే పురుగుమందులు తగలని గరిక, గినీ గడ్డి బాగా పనికొస్తాయి. వరిగడ్డిలో పోషకాలు తక్కువ, దాన్ని ప్రధాన ఆహారం చేయకూడదు. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం ఎక్కువ కాబట్టి ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి మాత్రమే ఇవ్వాలి. పెద్దవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

అపోహ: నీళ్లలో విటమిన్ సి చుక్కలు వేస్తే చాలు.

వాస్తవం: మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ని తన ఒంట్లో తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లలో స్కర్వీని (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బును) కలిగించి చూపింది ఈ లక్షణం వల్లనే. నీళ్లలో వేసిన విటమిన్ వెలుతురుకు త్వరగా నశిస్తుంది. దాని రుచి నచ్చక నీళ్లు తాగడమే తగ్గిస్తే నష్టం రెట్టింపు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల కాప్సికంలో కనీసం 80 మిల్లీగ్రాములుంటుంది కాబట్టి 800 గ్రాముల జంతువుకు 30 గ్రాముల ముక్క సరిపోతుంది. అందరూ ప్రేమగా పెట్టే క్యారెట్‌లో 100 గ్రాములకు సుమారు ఆరు మిల్లీగ్రాములే ఉంటుంది, తీపి మాత్రం ఎక్కువ. కుందేలు పెల్లెట్లలో సాధారణంగా ఈ విటమిన్ కలపరు. గినీ పిగ్ పెల్లెట్లలో కలిపినా తయారైన మూడు నెలల్లో చాలావరకు పోతుంది గనుక సంచి మీది తేదీ చూసి కొనండి.

అపోహ: పెరుగన్నం, బిస్కెట్, చపాతీ అలవాటు చేస్తే ఇంటి తిండికి వస్తుంది.

వాస్తవం: ఇది పూర్తిగా శాకాహార జీవి. పాల పదార్థాలు, వండిన అన్నం, పిండి వంటలు పేగుల్లోని సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొడతాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలే వద్దు.

అపోహ: తన పెంటికలు తానే తింటోందంటే జబ్బు చేసినట్టే.

వాస్తవం: అవి మెత్తటి ప్రత్యేకమైన పెంటికలు. బి విటమిన్లు వాటి నుంచి అందుతాయి. తిననివ్వండి.

అపోహ: మెత్తటివే ఏరుకుంటోంది, గారాబం ఎక్కువైంది.

వాస్తవం: తిండి దగ్గరికి ఆత్రంగా వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంటే, గడ్డం కింద బొచ్చు తడిగా ఉంటే, అది పళ్ల నొప్పి. మనకు కనిపించేవి ముందు పళ్లు మాత్రమే, బాధ పెట్టేవి తరచుగా దవడ పళ్లు. వాటిని పరికరంతో చూడాలి. ఇంట్లో గోళ్ల కత్తెరతో ముందు పళ్లు కత్తిరించిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. పన్ను నిలువునా చీలితే ఆ బాధ ఇంకా పెద్దది. అలాగే పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ సిరప్ పోయకండి, దానివల్ల పేగుల్లో హానికర బ్యాక్టీరియా విజృంభించి గినీ పిగ్ చనిపోవచ్చు.

వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోండి. రెండు మూడు రోజుల్లో 50 గ్రాములు తగ్గినా, పెంటికలు చిన్నవైనా, ఆగిపోయినా ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

స్టీలు డబ్బా అమ్మాయి మూడు వారాల తరువాత బరువులు రాసిన నోట్‌బుక్‌తో వచ్చింది. చివరి అంకె 640. ఆకుపచ్చ కాప్సికం ఇప్పటికీ ముట్టడం లేదట. ఎర్రదాన్ని గరికలో చుట్టి పెడితే మాత్రం ముందు గరిక తిని, కాసేపు ఆలోచించి, తరువాత దాన్నీ తింటోందట.