నార్వే సాల్మన్: నదికో వంశం, వంశానికో కాపలా

గోదావరికి వరద నీరు తగలగానే పులస సముద్రాన్ని విడిచి ఎదురీదినట్టే, నార్వే తీరంలోని అట్లాంటిక్ సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎక్కుతుంది. అది కనిపించిన ఏ నదిలోకో కాకుండా, చాలావరకు తాను పుట్టిన నదిలోకే తిరిగి వస్తుంది. వేల ఏళ్లుగా ఇదే సాగుతుండడంతో, పక్కపక్క నదుల సాల్మన్లు ఒకే జాతివైనా జన్యుపరంగా వేర్వేరు వంశాలుగా విడిపోయాయి. కాబట్టి ఒక నదిలో సాల్మన్ అంతరిస్తే, పక్క నది పిల్లలను తెచ్చి వదలడం వల్ల నీళ్లలో చేపలు నిండుతాయే గాని, పోయిన వంశం తిరిగి రాదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో నార్వేకు నేర్పింది గైరోడాక్టిలస్ సాలారిస్ అనే పరాన్నజీవి. అర మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు చేప చర్మానికీ రెక్కలకూ కొక్కేలతో అతుక్కుని బతుకుతుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే మరో పిల్ల పెరుగుతుంటుంది గనుక దీని సంఖ్య చూస్తుండగానే పెరిగిపోతుంది. 1970లలో స్వీడన్ హేచరీల నుంచి తెచ్చిన చేపపిల్లలతో పాటు ఇది నార్వేలో అడుగుపెట్టింది. స్వీడన్‌కు తూర్పున ఉన్న బాల్టిక్ సముద్రపు సాల్మన్ దీనితో చిరకాలంగా సహజీవనం చేసి చాలావరకు తట్టుకోగలుగుతుంది. నార్వే సాల్మన్‌కు ఆ శక్తి లేదు. కాలక్రమంలో సుమారు 50 నదులకు పాకిన ఈ పురుగు, సోకిన నదుల్లో సాల్మన్ పిల్లల సాంద్రతను సగటున 86 శాతం తగ్గించింది.

దీన్ని వదిలించడానికి ఎంచుకున్న ప్రధాన మార్గం కఠినమైనది: రోటెనోన్ అనే విషంతో నదిలోని చేపలన్నింటినీ చంపడం. అంటిపెట్టుకోవడానికి చేప లేకపోతే ఈ పురుగు ఎక్కువ రోజులు బతకలేదు. ఇంటికి పట్టిన చెదను వదిలించడానికి ఇంటినే కాల్చడం లాంటి ఈ పనికి పూనుకోవాలంటే, ముందుగా ఆ నది వంశాన్ని మరోచోట దాచుకోవాలి. అందుకు ఉపయోగపడుతున్నది 1986లో మొదలైన జన్యు నిధి. మగ చేపల వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల వద్ద దాచవచ్చు; పచ్చసొన నిండిన పెద్ద గుడ్లను మాత్రం అలా గడ్డకట్టించడం సాధ్యం కాదు. అందువల్ల ఆయా నదుల వంశాలను ప్రత్యేక కేంద్రాల్లో సజీవంగా పెంచి, నది శుభ్రమయ్యాక వాటి సంతానాన్ని తిరిగి వదులుతారు.

అయితే నిధిలో చేర్చే చేప నిజంగా ఆ నదిదేనా? పెంపక కేంద్రాల వలల నుంచి తప్పించుకున్న సాల్మన్లు నదుల్లోకి చేరి అడవి చేపలతో జతకట్టడం నార్వేలో పాత సమస్య. త్వరగా పెరిగేలా తరతరాలుగా ఎంపిక చేసిన ఆ చేపల సంతానం నదిలో అంత బాగా నిలదొక్కుకోదు. చెట్టు కాండంలోని వలయాల మాదిరిగా పొలుసుపై ఉండే గీతలు ఆ చేప తానే పెంపక కేంద్రం నుంచి వచ్చిందో లేదో చెబుతాయి. దాని తాతముత్తాతల్లో పెంపుడు చేప ఉందా అన్నది మాత్రం డీఎన్‌ఏ చెప్పాలి. పెంపుడు, అడవి సాల్మన్ల మధ్య తేడా చూపే డీఎన్‌ఏ గుర్తులను ఇప్పుడు అదే పొలుసు నుంచి పరీక్షించి, సంకరమైన చేపలను పక్కన పెడుతున్నారు. నా దృష్టిలో, చూడటానికి మామూలుగా కనిపించే ఈ వడపోతే మొత్తం కార్యక్రమానికి ఆయువుపట్టు.

పరాన్నజీవి విషయంలోనూ వంశ విచారణ తప్పదు. గ్రేలింగ్ అనే చేపపై బతికే దాని దగ్గరి బంధువు సూక్ష్మదర్శినిలో దాదాపు ఇలాగే కనిపిస్తుంది; ఆర్కిటిక్ చార్ అనే చేపపై దొరికిన గైరోడాక్టిలస్ సాలారిస్‌లోనే ఒక రకం సాల్మన్‌కు పెద్దగా హాని చేయదు. పేరు ఒకటే కావచ్చు, ప్రమాదం ఒకటి కాదు. తల్లి నుంచి పిల్లకు సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను పోల్చినప్పుడే ఏ వంశం ఎటునుంచి వచ్చి ఉంటుందో ఊహించే వీలు కలిగింది. నార్వేలోకి ఈ పురుగు ఒక్కసారి కాక పలుమార్లు ప్రవేశించిందని తెలిసింది కూడా అలాగే.

ఇటీవల నది నీటిని లీటర్ల కొద్దీ వడపోసి, వడపోత కాగితంపై మిగిలిన డీఎన్‌ఏ ముక్కల్లో పురుగు ఆనవాళ్లు వెతికే పద్ధతి వచ్చింది. చేపలను పట్టి చంపకుండానే విశాలమైన నదిని గాలించవచ్చు గనుక ఇది ఆకర్షణీయమే. కాని నీటిలో దొరికిన ముక్క బతికున్న పురుగుదో, చచ్చినదో, అది ఏ చేపపై ఉందో ఈ పద్ధతి చెప్పలేదు. అందుకే చేపపిల్లలను పట్టి ఒక్కొక్కదాన్నీ పరిశీలించే పాత పద్ధతి ఇంకా కొనసాగుతోంది. 2011, 2012లలో రోటెనోన్ వేసిన వెఫ్స్నా నదిని, ఏళ్ల తరబడి ఇలా గాలించిన తర్వాతే, 2017లో పరాన్నజీవి లేని నదిగా ప్రకటించారు.