సైమా సరస్సులో సీళ్లు: అపోహలు - వాస్తవాలు

మే నెల వచ్చిందంటే హెల్సింకీ, ఎస్పో నగరాల నుంచి మన తెలుగువాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, శనివారం వస్తున్నాం. సీలు గ్యారంటీగా కనిపిస్తుందా? పిల్లలకి ప్రామిస్ చేసేశాను." ఫిన్లాండ్ తూర్పు వైపున్న సైమా సరస్సులో, లిన్నన్‌సారి నేషనల్ పార్క్ చుట్టుపక్కల సీలు అనే నీటి జంతువును చూడటానికి వచ్చే జనాన్ని పడవలో తిప్పడం నా పని. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చినవాళ్లకి కూడా గ్యారంటీ ఇవ్వలేను. వాళ్లు మోసుకొచ్చే అపోహలు కొన్నింటిని మాత్రం ఒడ్డునే దింపేయిస్తాను.

అపోహ: సీళ్లు సముద్రంలోనే ఉంటాయి. సరస్సులో కనిపించేది నీటికుక్క.

వాస్తవం: కృష్ణా, గోదావరి మడ అడవుల్లో తిరిగే నీటికుక్క వేరే జంతువు. దానికి నాలుగు కాళ్లుంటాయి, ఒడ్డున పరిగెత్తుతుంది. సీలుకు కాళ్ల చోట తెడ్లు ఉంటాయి, రాయి ఎక్కాలంటే పొట్ట మీద పాకాల్సిందే. మనవాళ్లు కొందరు 'సీల్ చేప' అంటారు గానీ అది పిల్లకు పాలిచ్చే జంతువు. మంచుయుగం ముగిసి మంచు బరువు తగ్గాక ఇక్కడి నేల మెల్లగా పైకి లేచింది, సముద్రంతో దారి తెగిపోయింది. లోపల చిక్కుకున్న సీళ్ల సంతతి వేల ఏళ్లుగా మంచినీళ్లలోనే బతుకుతోంది. ఫిన్నిష్‌లో దీని పేరు నోర్ప్పా. రష్యాలోని లడోగా, బైకాల్ సరస్సుల్లోనూ సీళ్లున్నాయి.

అపోహ: రాళ్ల మీద గుంపులు గుంపులుగా ఉంటాయి.

వాస్తవం: అది బైకాల్ వీడియోలు చూసినవాళ్ల మాట. ఇక్కడి నోర్ప్పా ఒంటరిది. దాదాపు 4,400 చదరపు కిలోమీటర్ల సరస్సులో, వేల దీవుల మధ్య, ఉన్నవే సుమారు 500. ఒక్కటి కనబడితే ఆ రోజు పండగే.

అపోహ: జూలై సెలవుల్లో వస్తే బాగా కనిపిస్తాయి.

వాస్తవం: జూలైలో నీళ్ల మీద నల్లటి తల ఒక్క క్షణం తేలుతుంది, అంతే. చూడాలంటే మే నెలలో రావాలి. అప్పుడు వాటికి పాత వెంట్రుకలు రాలి కొత్తవి వస్తాయి. చర్మం వెచ్చగా, పొడిగా ఉంటే ఆ పని త్వరగా అవుతుంది కాబట్టి గంటల తరబడి రాయి మీద పడుకుంటాయి. నచ్చిన రాయినే ఏటా వాడుకునేవీ ఉన్నాయి. గాలి లేని ఎండరోజు సాయంత్రాలు నాకు బాగా కలిసొచ్చాయి.

దీని వెనకే ఇంకో అపోహ: కదలకుండా పడి ఉందంటే జబ్బు చేసింది, నీళ్లలోకి తొయ్యాలి. దయచేసి తొయ్యకండి! అది ఎండ కాచుకుంటోంది.

అపోహ: దగ్గరికి వెళ్తేనే మంచి ఫొటో వస్తుంది.

వాస్తవం: ఈ తప్పు మొదటి ఏడాది నేనే చేశాను. ఇంకో పది బారలు, ఇంకో పది బారలు అనుకుంటూ తెడ్డు వేశాను. అది తల ఎత్తింది, నావైపు చూసింది, బుడుంగున మునిగింది. రెండు గంటలు కూర్చున్నా మళ్లీ రాయెక్కలేదు. నా ఒక్క ఫొటో కోసం దాని ఎండపూట పోయింది. తల ఎత్తి మీవైపే చూస్తోందంటే అప్పటికే బాగా దగ్గరికి వెళ్లిపోయారని అర్థం. ఇంజన్ ఆపండి, మెల్లగా వెనక్కి తిరగండి. బైనాక్యులర్, పొడవు లెన్స్ చాలు. డ్రోన్ తెస్తామన్నవాళ్లని నేను పడవ ఎక్కించుకోను.

దూరం నుంచి తీసినా ఒంటిమీది ఉంగరాల మచ్చలు స్పష్టంగా పడితే ఆ ఫొటో నిజంగా పనికొస్తుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు. ఈస్టర్న్ ఫిన్లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు వాటిని బట్టే ఏది ఏదో గుర్తుపడతారు.

అపోహ: చేపలన్నీ ఇవే తినేస్తాయి.

వాస్తవం: ఇవి తినేవి ఎక్కువగా జానెడు కూడా లేని చిన్న చేపలు. ఈ అపోహతోనే 1948 దాకా సీలును చంపినవాళ్లకి డబ్బులిచ్చారు. 1955లో గానీ రక్షణ రాలేదు. అసలు ప్రమాదం సీలు నుంచి వలకు కాదు, వల నుంచి సీలు పిల్లకు. చిక్కుకుంటే పైకొచ్చి ఊపిరి తీసుకోలేదు. అందుకే అవి తిరిగే నీళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు వలలు వేయకూడదు.

అపోహ: చలి తగ్గితే సీళ్లకు సుఖం.

వాస్తవం: చాలామంది నమ్మనిది ఇదే. పిల్ల ఫిబ్రవరి, మార్చిలో పుడుతుంది, ఒడ్డున పేరుకున్న మంచుదిబ్బ లోపలి గూట్లో. గూటికి దారి కింద నీళ్లలోంచే. మంచు పడని ఏడాది ఆ గూడే ఉండదు, నాలుగైదు కిలోల పిల్ల చలికీ నక్కకూ దొరికిపోతుంది. అందుకని 2014 నుంచి అలాంటి చలికాలాల్లో వాలంటీర్లు దిబ్బలు పేరుస్తున్నారు. ఎక్కడ పేర్చాలో నేషనల్ పార్కులు చూసే మెట్సాహల్లితుస్ సంస్థ వాళ్లు చూపిస్తారు. సరస్సు మీద మంచుగడ్డ మనిషి బరువు మోసేంత గట్టిపడ్డాక, ఉన్న కాస్త మంచునూ పారలతో తోసుకొచ్చి ఎనిమిది మీటర్ల పొడవు, మీటరుకు పైగా ఎత్తు పేర్చాలి. నడుము విరుగుతుంది. ఆ తర్వాత అటువైపు వెళ్లకూడదు. సీలు కిందినుంచి గోళ్లతో గడ్డను తొలుచుకుని వచ్చి, దిబ్బ లోపల గూడు చేసుకుంటుంది. ఏప్రిల్‌లో దిబ్బలు కుంగిపోయాక పరిశోధకులు వచ్చి గూళ్లు లెక్కపెడతారు. మేం పేర్చినదాంట్లో ఎవరైనా కాపురం పెట్టారో లేదో మాకు తెలిసేది అప్పుడే.